ఫతే మైదాన్‌ను ఫుట్‌బాల్‌కు తిరిగి ఇవ్వండి: క్రీడా శాఖ పెద్దలకు బహిరంగ లేఖ

తెలంగాణ ప్రభుత్వ క్రీడా శాఖ పెద్దలకు, లాల్ బహదూర్ స్టేడియం వ్యవహారాలు చూసే అధికారులకు, రాష్ట్రంలో ఫుట్‌బాల్ సంఘాలు నడిపేవారికి,

అయ్యా, అమ్మా, నమస్కారం.

మేము హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం, బస్తీ పిల్లలతో ఆడించేవాళ్ళం. మోకాళ్ళు అరిగిపోయి ఇప్పుడు గ్యాలరీలో కూర్చుని అరవడం ఒక్కటే మిగిలినవాళ్ళు కూడా మాలో ఉన్నారు. ఇందులో ఉన్నదంతా ముందే ఒక అర్జీగా రాసి ఒక ఆఫీసులో ఇచ్చాం. ముద్ర వేసి తీసుకున్నారు. తర్వాత వెళ్ళి అడిగితే ఫైలు పైకి పోయిందన్నారు, ఇంకోసారి వెళ్తే ఆ సెక్షన్ మాది కాదన్నారు, ఆ తర్వాత అర్జీ నకలు మళ్ళీ తెమ్మన్నారు. ఏ ఆఫీసో రాయడం లేదు, ఎందుకంటే అక్కడ కౌంటర్‌లో కూర్చున్న మనిషిని ఇరకాటంలో పెడితే మాకు ఒరిగేదేమీ లేదు. నిర్ణయం తీసుకోవాల్సింది మీరు కాబట్టి నేరుగా మీకే, నలుగురూ చదివేలా రాస్తున్నాం.

మేము అడిగేది సూటిగా చెప్పేస్తాం. బషీర్‌బాగ్‌లోని ఎల్బీ స్టేడియం, పాతవాళ్ళ నోట ఇప్పటికీ ఫతే మైదాన్, ఏడాది పొడవునా ఫుట్‌బాల్ ఆడుకునే గ్రౌండ్‌గా ఉండాలి. సభలూ విందులూ ఇంకో చోట పెట్టుకోవాలి. దీని చరిత్ర మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అయినా రాస్తున్నాం, తెలిసినవాళ్ళు చేయాల్సిన పని ఇన్నేళ్ళుగా జరగలేదు కాబట్టి.

1687లో గోల్కొండ ముట్టడి రోజుల్లో ఔరంగజేబు సైన్యం ఈ నేల మీద దిగిందని, కోట చిక్కాక ఆ గెలుపు పేరే దీనికి పడిందని చెబుతారు. నిజాముల కాలంలో ఇక్కడ పోలో ఆడారు. 1950లలో స్టేడియం అయింది, 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఈ మాత్రం ఏ టూరిస్టు పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఈ ఊరి ఫుట్‌బాల్ గురించి మాత్రం అందులో ఒక్క లైను ఉంటే గొప్ప.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లోనే పుట్టారు. వృత్తి బడి మాస్టారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా వచ్చారు, ఆ సీజన్‌లోనే ఆ జట్టు కలకత్తా క్లబ్ మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు మన పోలీసులదే, మధ్యలో ఒక్క ఏడాది కూడా ఇంకొకరికి పోనివ్వలేదు. డ్యూరాండ్ కప్ మరికొన్నిసార్లు వచ్చింది, 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో గెలిచింది కూడా ఈ జట్టే. రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956–57లో, 1957–58లో హైదరాబాద్ గెలుచుకుంది, 1965–66లో ఆంధ్రప్రదేశ్ గెలుచుకుంది. ఆ తర్వాత మళ్ళీ మన వైపు రాలేదు. అరవై ఏళ్ళు కావస్తోంది.

రహీం సాబ్ పద్ధతి గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేం. ఆయన స్థానికంగా వింత పోటీలు పెట్టించేవారు. ఒక దాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి రాగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకో దాంట్లో ఎవడికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలి. పదిమందిని దాటుకుంటూ పోవాలని ఉబలాటపడే కుర్రాళ్ళ చేత ఇలాంటివి ఆడించాలంటే మాస్టారి ఓపిక ఉండాలి, దాంతోపాటు వారం వారం ఖాళీగా దొరికే గ్రౌండ్లు కూడా ఉండాలి. ఓపిక ఉన్న కోచ్‌లు ఈ ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు, మాకు తెలుసు. రెండోదే లేదు.

అదే మాస్టారు దేశం జట్టును 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం దాకా తీసుకెళ్ళారు. పురుషుల ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల్లో మన దేశానికి ఇప్పటికీ ఆ రెండు బంగారాలే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది, ఆ ఎత్తుకు మళ్ళీ వెళ్ళలేదు. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో గెలిచేనాటికే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. ఈమధ్య ఆయన మీద హిందీలో సినిమా వచ్చాక చాలామంది మమ్మల్ని అడిగారు, ఈయన నిజంగా మన హైదరాబాదీయేనా అని. అడిగింది కూడా హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్ళే!

ఆటగాళ్ళ సంగతికొస్తే, అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఇక్కడే పుట్టారు. యూసుఫ్ ఖాన్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ ఒలింపిక్స్ ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, అందులో మహమ్మద్ హబీబ్ కూడా ఉన్నారు. 1977లో పీలే న్యూయార్క్ కాస్మోస్‌తో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2–2తో మ్యాచ్ నిలబెట్టుకుంది, అందులో ఒక గోల్ మన హబీబ్‌ది. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ కూడా కలకత్తా మైదానాలను ఏలినవాళ్ళే. బలరాం, హబీబ్ ఇద్దరూ 2023లోనే వెళ్ళిపోయారు, ఒకరు ఫిబ్రవరిలో, ఒకరు ఆగస్టులో.

వీళ్ళంతా ఫతే మైదాన్ గడ్డి మీదే తయారయ్యారని మేము అనం. సికింద్రాబాద్ జింఖానా, చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్, పోలీస్ లైన్లు, కంటోన్మెంట్ వైపు ఖాళీ స్థలాలు, బడి గ్రౌండ్లు, అన్నీ కలిసి చేసిన పని అది. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. హైదరాబాద్ ఫుట్‌బాల్ పడిపోయింది ఒక్క మైదానం వల్ల కాదు. మంచి ఆటగాణ్ణి కలకత్తా క్లబ్బులు డబ్బిచ్చి పట్టుకుపోయాయి, పోలీస్ జట్టులో ఉద్యోగమిచ్చి ఆడించే పాత పద్ధతి పలచబడింది, టీవీతో పాటు క్రికెట్ ఇంటింటికీ వచ్చింది, మన సంఘాల్లో కుర్చీల కొట్లాటలు ఆట కంటే ఎక్కువసేపు నడిచాయి. ఇవన్నీ ఉన్నాయి. కానీ మిగతావి సరిచేయడానికి ఏళ్ళు పడుతుంది. గ్రౌండ్ సంగతి ఒక్క ఉత్తర్వుతో మీరు తేల్చగలిగింది, అందుకే అక్కడి నుంచి మొదలుపెట్టమంటున్నాం.

ఇదే మైదానంలో 1955 నవంబర్‌లో న్యూజిలాండ్‌తో హైదరాబాద్‌లో మొదటి టెస్ట్ మ్యాచ్ జరిగింది, పాలీ ఉమ్రీగర్ 223 కొట్టారు, టెస్టుల్లో భారతీయుడు చేసిన మొదటి డబుల్ సెంచరీ అది. తర్వాత అర్ధ శతాబ్దం పాటు క్రికెట్, ఫుట్‌బాల్ ఈ నేలను పంచుకున్నాయి, అందులో పెద్ద వాటా ఎవరిదో చెప్పనక్కర్లేదు. 2003 నవంబర్‌లో ఇక్కడ చివరి అంతర్జాతీయ వన్డే ఆడారు. 2005లో ఉప్పల్ స్టేడియం వచ్చింది, క్రికెట్ అక్కడికి మారింది. అది చూసి మాలో పెద్దవాళ్ళు, పోనీలే, క్రికెట్‌కి కొత్తిల్లు దొరికింది, పాతిల్లు మనకు మిగిలింది అనుకున్నారు.

మిగల్లేదు. ఎన్టీ రామారావు గారు 1983లో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది ఇక్కడే, రాజశేఖరరెడ్డి గారు 2004లో, 2009లో చేసింది ఇక్కడే, రేవంత్ రెడ్డి గారు 2023 డిసెంబర్ 7న చేసిందీ ఇక్కడే. ప్రభుత్వ ఇఫ్తార్ విందులు, క్రిస్మస్ విందులు, 2017లో ప్రపంచ తెలుగు మహాసభల ప్రధాన వేదిక, 2024లో టీచర్లకు, నర్సులకు నియామక పత్రాలిచ్చే సభలు, అన్నీ ఈ గడ్డి మీదే. ఏ ఒక్క పార్టీనో అనడం లేదు, ఎవరు వచ్చినా ఇదే గ్రౌండ్ వాళ్ళ కళ్ళలో పడింది. ఊరి నడిబొడ్డున ఉంది, అసెంబ్లీకి, సచివాలయానికి దగ్గర, పాతిక వేల మంది కూర్చోవచ్చు, గేట్లున్నాయి, పోలీసులకు బందోబస్తు సులువు. సభ పెట్టేవాడికి ఇన్ని సుగుణాలు ఎందుకు నచ్చవు? ఆట ఆడేవాళ్ళకు కూడా ఆ సుగుణాలే నచ్చాయి, తేడా ఏమిటంటే మా దగ్గర ఫోన్ చేసి బుక్ చేయించే మనిషి లేడు.

ఇది ఎప్పుడు ఎత్తినా వచ్చే జవాబు, గచ్చిబౌలి ఉంది కదా అని. ఉంది, కాదనం. జీఎంసీ బాలయోగి స్టేడియం 2002 జాతీయ క్రీడల కోసం వచ్చింది, 2003లో ఆఫ్రో ఏషియన్ గేమ్స్, 2007లో మిలిటరీ వరల్డ్ గేమ్స్ చూసింది. 2024లో ఇంటర్‌కాంటినెంటల్ కప్ అక్కడే ఆడారు, మన జట్టు మారిషస్‌తో గోల్ లేకుండా డ్రా చేసుకుని సిరియా చేతిలో 3–0తో ఓడింది. అదే ఏడాది డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ అక్కడే జరిగింది, కేరళను 1–0తో ఓడించి బెంగాల్ 33వ సారి గెలిచింది. అంటే పెద్ద మ్యాచ్‌లకు ఆ గ్రౌండ్ పనికొస్తుంది. ఆ పెద్ద మ్యాచ్‌ల్లో మన ఊరి పిల్లవాడు ఆడాలంటే అంతకు ముందు చిన్న మ్యాచ్‌లు వందల్లో ఆడాలి, అవి ఎక్కడ ఆడాలన్నదే మా ప్రశ్న.

హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ప్రైవేటు క్లబ్ కథ మీకూ గుర్తుండాలి. 2019లో వచ్చింది. కోవిడ్ వల్ల రెండు సీజన్లు మొత్తం గోవాలోనే ఆడాల్సి వచ్చింది, 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్ గెలిచింది. ఆ సీజన్‌లో సొంత ఊళ్ళో ఒక్క మ్యాచ్ ఆడకుండానే సొంత జట్టు చాంపియన్ అయింది. ఆ తర్వాత జీతాల గొడవలు, ఆటగాళ్ళు వెళ్ళిపోవడం, పట్టిక అడుగుకు పడిపోవడం, చివరికి 2025లో యజమానులు జట్టును ఢిల్లీకి తీసుకెళ్ళి పేరే మార్చేశారు. అది ప్రైవేటు వ్యాపారం, మీ తప్పు కాదు. అయితే ఒకటి గమనించండి. అద్దెకొచ్చిన జట్టు అద్దెకున్నట్టే వెళ్ళిపోయింది, ఊరికంటూ ఒక లీగ్, ఒక మైదానం, శనివారం సాయంత్రం అక్కడికి వెళ్ళే అలవాటు ఉండి ఉంటే ఆ ఖాళీ ఇంత పెద్దగా కనిపించేది కాదు. శ్రీనిధి దక్కన్ అనే ఇంకో జట్టు ఐఎస్‌ఎల్‌కు కింది మెట్టు అయిన ఐ లీగ్‌లో రెండుసార్లు రెండో స్థానం దాకా వచ్చింది, వాళ్ళు అజీజ్‌నగర్ వైపు డెక్కన్ అరేనా కట్టుకుని ఆడుతున్నారు. మంచిదే. ముషీరాబాద్ పిల్లవాడికి అది ఎంత దూరమో మ్యాపులో చూడండి.

2025 డిసెంబర్‌లో మెస్సీ మన ఊరికి వచ్చారు. ముఖ్యమంత్రి గారు స్వయంగా బూట్లు వేసుకుని ఆడారు, చూసి సంతోషించాం, ఫుట్‌బాల్ అంటే ఇష్టమున్న ముఖ్యమంత్రి దొరకడం మామూలు విషయం కాదు. మరి ఆ సంబరం ఎక్కడ జరిగింది? ఉప్పల్ క్రికెట్ స్టేడియంలో.

ఇక మామూలు మనుషుల మీద దీని ప్రభావం ఏమిటో వరసగా రాస్తాం.

1. పైసలున్న పిల్లలే ఆడే ఆట అయిపోతోంది. ఊరంతా టర్ఫ్‌లు వెలిశాయి, వల కట్టిన ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి డబ్బాలు. సాయంత్రం పూట చాలాచోట్ల గంటకు వేయి రూపాయల పైమాటే. ఐటీ ఉద్యోగులు పదిమంది కలిసి పంచుకుంటే లెక్కలోకి రాదు, ఆటో నడిపే తండ్రి కొడుక్కి అది వారం కూరగాయల ఖర్చు. పైగా అక్కడ ఆడేది ఐదుగురో ఏడుగురో ఆడే చిన్న ఆట. అసలు గ్రౌండ్ నూట ఐదు మీటర్ల పొడవు, అరవై ఎనిమిది మీటర్ల వెడల్పు ఉంటుంది, అందులో వింగ్ మీద పరుగెత్తడం, అటు చివరికి బంతి పంపడం, ఆఫ్‌సైడ్ లైను పట్టుకోవడం, గాల్లో వచ్చే బంతిని కీపర్ అంచనా వేయడం, ఇవేవీ డబ్బాలో రావు. టర్ఫ్ మీద మెరికలాంటి పిల్లలు జిల్లా సెలక్షన్స్‌కి వెళ్ళి పదకొండు మంది ఆటలో ఇరవై నిమిషాలకే దారి తప్పిపోవడం మేము చూస్తూనే ఉన్నాం. తప్పు వాళ్ళది కాదు సార్.

2. సభ అయిపోయాక గ్రౌండ్ ఎలా ఉంటుందో సభకు వచ్చినవాళ్ళెవరూ చూడరు. స్టేజీ సామాను లారీల్లో దిగుతుంది, షామియానా స్తంభాలకు గుంతలు తవ్వుతారు, ఇనుప ఫ్రేములు, జనరేటర్లు, వేల కుర్చీలు. కార్పెట్ పరిచిన చోట నాలుగు రోజులు వెలుతురు తగలక గడ్డి పసుపు రంగుకు తిరిగి వాడిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం కంటికి కనిపించదు. బరువుకు మట్టి అణిగి గట్టిపడుతుంది, వేళ్ళకు గాలి అందదు, వాన నీరు లోపలికి ఇంకదు, మొదటి వానకే మడుగులు కడుతుంది. దాన్ని మళ్ళీ దారికి తేవాలంటే నేలను గుచ్చి గుల్ల చేయాలి, ఇసుక చల్లాలి, గడ్డి మళ్ళీ నాటాలి, వారాల తరబడి ఎవరినీ తొక్కనివ్వకూడదు. ఆ వారాలు గడిచేలోపు ఇంకో సభ వస్తుంది. ఇలాంటి సభ జరిగిన ఒక గ్రౌండ్‌లో (ఏదని అడగొద్దు) ప్రాక్టీస్ మొదలుపెట్టే ముందు పిల్లలందరినీ ఒక వరసలో నిలబెట్టి మేకులు, తీగ ముక్కలు, గాజు పెంకులు ఏరించాం, అయినా ఒక పిల్లవాడి అరికాల్లో మేకు దిగింది. గుంతలో కాలు పడి మడమ మెలిపడితే ఆ ఇంట్లో ఎక్స్‌రేకి, కట్టుకి ఎవరో ఒకరు అప్పు చేయాలి. తర్వాత ఆ తల్లి పిల్లవాణ్ణి మళ్ళీ ఆటకు పంపదు, పంపమని అడిగే ధైర్యం మాకూ ఉండదు.

వాన మాటెత్తాం కాబట్టి ఒకటి గుర్తుచేస్తాం. 2008లో ఆసియా దేశాల జట్లు ఆడే ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్ హైదరాబాద్‌లో జరిగింది. వానలకు ఇక్కడి గ్రౌండ్ ఆడేలా లేకుండా పోయి ఫైనల్ ఢిల్లీ అంబేడ్కర్ స్టేడియానికి మారింది. అక్కడ సునీల్ ఛేత్రి హ్యాట్రిక్ కొట్టి తజికిస్తాన్‌ను 4–1తో ఓడించారు, ఆ గెలుపుతోనే ఇండియా 2011 ఆసియా కప్‌కు వెళ్ళింది. ఈ తరంలో మన దేశానికి దొరికిన అతి పెద్ద రాత్రుల్లో ఒకటి మన ఊరిది కావాల్సింది, మడుగుల పాలైంది.

3. అమ్మాయిల సంగతి ఎవరూ లెక్కలోకే తీసుకోవడం లేదు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య దేశం జట్టుకు ఆడుతోంది. ఆమెను చూసి బూట్లు కొనిపించుకున్న పిల్లలు ఊళ్ళో ఉన్నారు. వాళ్ళకు కావాల్సింది లైట్లు వెలిగే గ్రౌండ్, తలుపు గడియ పడే బాత్రూమ్, బస్సో మెట్రోనో దగ్గర్లో ఉండటం. ఎల్బీ స్టేడియం నుంచి అసెంబ్లీ, నాంపల్లి మెట్రో స్టేషన్లకు నడిచి పోవచ్చు. ఊరి శివారులో ఎంత గొప్ప అకాడమీ పెట్టినా, చీకటి పడ్డాక రెండు బస్సులు మారి ఇంటికి రావాలంటే పన్నెండేళ్ళ అమ్మాయిని ఏ తల్లిదండ్రులు పంపుతారు?

4. ఉద్యోగాలు. ఇది చాలామందికి అర్థం కాని చోటు. స్పోర్ట్స్ కోటాలో పోలీస్, రైల్వే, బ్యాంకు, ఇంజినీరింగ్ సీటు ఏదైనా అడిగేది సర్టిఫికెట్. సర్టిఫికెట్ రావాలంటే గుర్తింపు ఉన్న పోటీలు జరగాలి. పోటీలు జరగాలంటే గ్రౌండ్ ఖాళీగా ఉండాలి. మ్యాచ్ వాయిదా పడిందని మనం ఒక్క మాటలో అనేస్తాం, ఒక్కో కుర్రాడికి అది వయసు దాటిపోవడం. పాత రోజుల్లో సిటీ పోలీస్ జట్టు నిలబడింది కూడా ఈ గొలుసు మీదే, ఆడేవాడికి కొలువు, కొలువు కోసం ఆడేవాడు. వాళ్ళతో పాటు రిఫరీలు, లైన్స్‌మెన్, గ్రౌండ్ మనుషులు, గేటు బయట పల్లీలు అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకు ఒక్క సభ రోజు గిరాకీ కంటే ఏడాదంతా జరిగే మ్యాచ్‌లే నయం.

5. చూసేవాళ్ళు. రాయదుర్గం దాకా మెట్రో ఉంది, అక్కడి నుంచి గచ్చిబౌలి స్టేడియానికి మళ్ళీ ఆటో. యాకుత్‌పురా నుంచో బోయిన్‌పల్లి నుంచో తొంభై నిమిషాల ఆట కోసం రానూ పోనూ మూడు నాలుగు గంటలు ట్రాఫిక్‌లో పెట్టేవాళ్ళు ఎంతమంది? ఖాళీ గ్యాలరీలు చూపించి హైదరాబాద్‌లో ఫుట్‌బాల్‌కు ఆదరణ లేదనడం న్యాయం కాదు. ముంబైలో కూపరేజ్ ఉంది, ఢిల్లీ గేట్ దగ్గర అంబేడ్కర్ స్టేడియం ఉంది, బెంగళూరుకు కంఠీరవ ఉంది, కలకత్తాలో సాల్ట్‌లేక్ అంత పెద్దది కట్టాక కూడా మైదాన్‌లో మూడు పెద్ద క్లబ్బుల గ్రౌండ్లు అలాగే ఉంచారు. ఊరి మధ్య ఉన్న గ్రౌండ్ విలువ వాళ్ళకు తెలిసింది.

6. గోషామహల్ పోలీస్ స్టేడియం. అక్కడ కొత్త ఉస్మానియా ఆస్పత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. ఉస్మానియాకు వెళ్ళే రోగుల్లో మా ఇళ్ళవాళ్ళూ ఉంటారు, ఆస్పత్రి వద్దనే మాట మా నోటి నుంచి రాదు. కానీ ఆ చుట్టుపక్కల పిల్లలు పొద్దున్నే పరుగెత్తే చోటు పోయింది, బదులు ఏమిస్తారో కూడా ఎవరో ఒకరు ఆలోచించాలి కదా.

ఇవీ మా డిమాండ్లు. గొంతెమ్మ కోరికలు ఒక్కటి కూడా లేవు, కావాలంటే లెక్క వేసి చూసుకోండి.

ఒకటి, ఎల్బీ స్టేడియం మైదానంలో ఆటలు తప్ప వేరే కార్యక్రమాలు పెట్టకూడదని ప్రభుత్వ ఉత్తర్వు ఇవ్వండి. సభలకు సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్ ఉంది, నుమాయిష్ లేని నెలల్లో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్ ఉంది, ఇందిరా పార్క్ దగ్గర ఎన్టీఆర్ స్టేడియం ఉంది, విందులకు హైటెక్స్ లాంటి హాళ్ళున్నాయి. ప్రమాణ స్వీకారం ఐదేళ్ళకోసారి వస్తుంది, ఆ ఒక్కదానికి మినహాయింపు కావాలంటే ఉంచుకోండి, మేము గొడవ చేయం. దాని పేరు చెప్పి మిగతావన్నీ దూరకుండా చూడండి.

రెండు, ఆ ఒక్క మినహాయింపులో కూడా, పెట్టేది ప్రభుత్వమైనా సరే, ముందుగా డిపాజిట్ కట్టాలి. గ్రౌండ్ తిరిగి ఆడేలా అయిందని కోచ్‌లు, ఆటగాళ్ళు ఉన్న కమిటీ చూసి సంతకం పెట్టాకే అది వెనక్కి ఇవ్వాలి.

మూడు, మైదానం కింద నీళ్ళు పోయే ఏర్పాటు, గడ్డి, గోల్ పోస్టులు, లైట్లు, బాత్రూములు బాగుచేయించండి. కాంట్రాక్టు మీద వచ్చి పోయేవాళ్ళు కాకుండా గడ్డి సంగతి తెలిసిన గ్రౌండ్ సిబ్బందిని పర్మనెంట్‌గా పెట్టండి. వీటన్నిటికీ ఎంత ఖర్చు పెట్టారో స్టేడియం గేటు దగ్గర బోర్డు మీద రాయించండి.

నాలుగు, రోజూ పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు సర్కారు బడి పిల్లలకు, బస్తీ జట్లకు ఉచితం. అందులో వారానికి కనీసం రెండు సాయంత్రాలు అమ్మాయిలవి, వాటిని ఏ కారణంతోనూ ఇంకొకరికి ఇవ్వకూడదు.

ఐదు, గోషామహల్‌కు బదులు అదే ప్రాంతంలో పిల్లలు ఆడుకునే స్థలం చూపించండి. పక్క మండలంలో ఎక్కడో ఐదెకరాలు చూపించి సరిపెట్టకండి.

ఆరు, పాత ఆటగాళ్ళ ఇళ్ళల్లో ఫోటోలు, జెర్సీలు, పతకాలు, పేపర్ కటింగ్‌లు బీరువాల్లో, అటకల మీద ఉన్నాయి. ఇల్లు మారినప్పుడల్లా కొన్ని పాత సామాన్ల వాడి పాలవుతున్నాయి. మ్యూజియం అడగడం లేదు. స్టేడియంలో ఒక గది, దానికి ఒక తాళం, జాబితా రాసే ఒక మనిషి. ఈ పని ఈ ఏడాదే కావాలి, ఎందుకంటే చూసి చెప్పగలిగినవాళ్ళు ఎక్కువమంది మిగల్లేదు.

ఏడోది ప్రభుత్వానికి కాదు, ఫుట్‌బాల్ సంఘాల పెద్దలకు. మేము గ్రౌండ్ కోసం సర్కారును అడుగుతున్నాం, రేపు గ్రౌండ్ వచ్చాక మీరు మ్యాచ్‌లు పెట్టకపోతే మా పరువు పోతుంది. రహీం సాబ్ పేరుతో లీగ్ నడిపిన ఊరిది. సీజన్ మొదలయ్యే ముందే మొత్తం షెడ్యూల్ బయటపెట్టండి, పది రూపాయల టికెట్ పెట్టండి, స్కోర్లు అదే రోజు రాత్రికి అందరికీ తెలిసేలా చేయండి. సెలక్షన్స్‌కి ఎవరిని పిలిచారో, ఎవరిని ఎందుకు తీసుకున్నారో కాగితం మీద ఉండాలి. మీ ఎన్నికలు, మీ కోర్టు కేసులు మీరు చూసుకోండి, వాటి కోసం ఒక్క జూనియర్ మ్యాచ్ కూడా ఆగడానికి వీల్లేదు.

డబ్బు లేదంటారేమో, ముందే చెబుతున్నాం. మేము అడిగిన వాటిలో మొదటిదానికి రూపాయి ఖర్చు లేదు, ఒక సంతకం చాలు. మిగతా వాటికి దశలవారీగా చేస్తామన్నా ఒప్పుకుంటాం, ఏ దశ ఎప్పుడో తేదీ వేసి చెప్పాలి. నేల గుల్ల చేయడానికి, రాళ్ళు ఏరడానికి, పిల్లల జాబితాలు రాయడానికి మనుషులు కావాలంటే మేము వస్తాం, కూలి అడగం.

ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. కుదరదనుకుంటే కుదరదని రాయండి, ఎందుకు కుదరదో కూడా రాయండి. మాట్లాడదామంటే ఏ రోజైనా సరే, ఏసీ గదిలో వద్దు, స్టేడియంలోనే సెంటర్ సర్కిల్ దగ్గర కలుద్దాం, గడ్డి ఎలా ఉందో మీరే చూస్తారు. జవాబు రాకపోతే ముప్పై ఒకటో రోజు పొద్దున పిల్లల్ని, వాళ్ళ అమ్మానాన్నల్ని, బంతుల్ని వెంటబెట్టుకుని స్టేడియం మెయిన్ గేటు ముందు ఫుట్‌పాత్ మీద ప్రాక్టీస్ పెడతాం. ట్రాఫిక్‌కు అడ్డం రాకుండా, ఎవరినీ తిట్టకుండా, రోజూ పెడతాం.

ఇట్లు,
హైదరాబాద్, సికింద్రాబాద్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళు, బస్తీ కోచ్‌లు, పిల్లల తల్లిదండ్రులు